వెళ్ళాడా, పోయిండా

స్వరూప వచ్చి వెళ్ళిన నాటి నుంచి నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి వస్తాను, వాకిట్లో నిలబడి ఎందుకొచ్చానా అని ఆలోచిస్తాను, ఈలోగా పాలు పొంగిపోతాయి. జనగామ స్టేషనుకు దగ్గర ఇల్లు కావడంతో రైలు కూత వినబడినప్పుడల్లా చెప్పులు వేసుకోవాలనిపిస్తుంది. ఈ వయసులో ఇదేం ఆరాటమని నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఇందులో స్వరూప తప్పేమీ లేదు. ఒకప్పుడు మా ఇంటి పైభాగంలో అద్దెకున్నవాళ్ళ అమ్మాయి, నా ఒళ్ళో పెరిగిన పిల్ల, ఇప్పుడు బయ్యారం అవతల ఒక బడిలో టీచరు. ఒంటిపూట బడులు నడుస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం, మామిడికాయల సంచీతో వచ్చింది. చెమటైనా తుడుచుకోకుండా సంగతి చెప్పేసింది.

“పెద్దమ్మా, బడి ఆఖరి రోజు నువ్వు మా దగ్గరికి రావాలె. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలుంటరు. ఎండకాలం సెలవులల్ల బుక్కులు సదువుమని జర నాలుగు ముచ్చట్లు చెప్పు. నేను చెప్తే ఇంటలేరు.”

“నేను చెప్తే ఇంటరా? నేనేమన్న పంతులమ్మనా? పోస్టాఫీసుల ముద్దెర్లు కొట్టినదాన్ని.”

“కథలు రాస్తవ్ గద!”

కథలు రాసేవాళ్ళకు పిల్లలకు బుద్ధులు చెప్పడం వచ్చునని ఎవరు పుట్టించారో గాని, ఆ మాట నన్ను చాలా చోట్లకు లాక్కెళ్ళింది. సరేనన్నాను. ఆమె వెళ్ళాక కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పుస్తకాలు చదవండి, చదివితే గొప్పవాళ్ళవుతారు అని ఒక వాక్యం రాసి, దాన్ని చూసి నాకే ఒళ్ళు మండి కొట్టేశాను. ఆ మాట విని పుస్తకం తెరిచిన పిల్లను నేనింతవరకు చూడలేదు. ఇంకో వాక్యం రాశాను, అదీ అలాంటిదే. ఎన్నిసార్లు కూర్చున్నా నా చెవిలో ఒక్కటే గొంతు. ఎండాకాలం సెలవులు అనగానే ఆ గొంతు, దాని వెనకే ఒక తరగతి గది నిండా నవ్వు. “పోయాడా! పాపం, ఎప్పుడు పోయాడు?” అంటుందది. అది ఎవరు ఎందుకు అన్నారో చెప్పకుండా నేను పిల్లలకు ఏం చెప్పినా అబద్ధమే అవుతుందనిపించింది.

మా ఊరు తొర్రూరుకు నడిచి వెళ్ళేంత దూరం. బాపు, అంటే మా నాన్న, తొర్రూరు అంగట్లో బట్టలు కుట్టేవాడు. ఆయన నోట్లో ఎప్పుడూ గుండుసూదులుండేవి, అందుకని మాకు ఆయన దగ్గర నుంచి ఊఁ, ఊఁహూఁ తప్ప వేరే జవాబులు తెలియవు. ఇల్లంతా కొత్త బట్టకుండే గంజి వాసన. మా బడిలో తెలుగు చెప్పే సారు కోస్తా నుంచి వచ్చినవాడు. మంచివాడు. ఆ మాట ముందే చెప్పి పెడుతున్నాను, రాబోయే సంగతి విని మీరు ఆయన మీద కోపం తెచ్చుకుంటారేమోనని. నాకైతే ఇప్పటికీ కోపమే, అది వేరే విషయం. మడత నలగని పంచె, జేబులో తాళంచెవి, దాంతోపాటు నాలుగు ఏలక్కాయలు. పాఠం మొదలుపెట్టే ముందు ఒకటి నోట్లో వేసుకునేవాడు. తాళంచెవి అద్దాల బీరువాది. ఆ బీరువాలో పుస్తకాలుండేవి. అద్దంలోంచి వాటి వీపులు మాత్రం కనబడేవి, మిఠాయి దుకాణం ముందు నిలబడ్డట్టు దాని ముందు నిలబడేదాన్ని. ఏడో తరగతి పెద్ద పరీక్షలు అయిపోయిన రోజు ఆయన నన్ను పిలిచి, బీరువా తెరిచి, ఒక కథల పుస్తకం తీసి చేతిలో పెట్టాడు. దానికీ ఏలకుల వాసనే.

“ఇదిగో అమ్మాయ్, సెలవుల్లో ఇది చదువు. బడి తెరిచిన రోజు అందరి ముందూ నిలబడి, నేను చెప్పిన పేజీ తడబడకుండా చదవాలి. చదివావంటే ఈ తాళంచెవి ఏడాదంతా నీ దగ్గరే ఉంటుంది. నీకు నచ్చిన పుస్తకం తీసుకోవచ్చు.”

ఆ తాళంచెవి కోసం నేను అడవినైనా దాటేదాన్ని. నిజానికి దాటాను కూడా. ఎండాకాలం వచ్చిందంటే అమ్మ నన్ను భూపాలపల్లి అవతల అడవి అంచున ఉన్న వాళ్ళ పుట్టింటికి పంపేది, బీడీలు చుట్టే తునికాకు కోసే కాలంలో వాళ్ళకు ఇంకో రెండు చేతులు సాయమవుతాయని. హన్మకొండలో బస్సు మారి, దుమ్ము తింటూ వెళ్ళేవాళ్ళం. పుస్తకాన్ని బట్టల మధ్య పెడితే నలుగుతుందని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

మా అమ్మమ్మను మేమంతా అవ్వ అనే పిలిచేవాళ్ళం. అవ్వ తెల్లవారకముందే లేచి, కుండలో జొన్న గట్క కలిపి, మజ్జిగ పోసి, మమ్మల్ని నిద్రలోనే తాగించేది. కళ్ళు తెరుచుకునేసరికి అడవిలో ఉండేవాళ్ళం. లేత ఆకు కోయాలి, చిల్లు పడ్డది కోయకూడదు, కొమ్మ విరగ్గొట్టకూడదు. ఎండ నెత్తికెక్కకముందే మూటలతో ఇంటికి చేరేవాళ్ళం. అక్కడి నుంచి అసలు పని. వాకిట్లో వేసిన పందిరి కింద కూర్చుని ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, లెక్కపెట్టి, నారతో కట్టలు కట్టాలి. పొద్దు వాలేసరికి ఆ కట్టలు కల్లానికి చేరాలి. కల్లమంటే ఆకు కొనేవాళ్ళు కట్టలన్నీ వరసగా పరిచి ఎండబెట్టే మైదానం. పచ్చి ఆకు వాసన వగరుగా గొంతులో కూర్చునేది. పసరుకు వేళ్ళు నల్లబడేవి, ఎంత తోమినా పోయేవి కావు. ఇంట్లో ఒక మూల కుండలో దాచిన ఇప్పపువ్వు వాసన, పందిట్లో ఆకు వాసన, ఈ రెంటి నడుమ నేను గోడకు ఆనుకుని పుస్తకం తెరిచాను.

“ఏం సదువుతున్నవే?” అంది అవ్వ.

“కథ అవ్వా.”

“పరీచ్చలు అయిపోయినయన్నవ్ గద, ఇంకేం సదువు? అయినా కథ సదువుడేందే, కథ చెప్పుకుంటరు గని.”

మా ఇంట్లో సదువు అంటే పరీక్ష. పరీక్ష అయిపోతే సదువు అయిపోయినట్టే. సారు ఇచ్చాడని, తాళంచెవి సంగతి ఉందని చెప్పాను. “అట్లయితే పెద్దగ సదువు. నీకూ అక్కరకొస్తది, మాకూ పొద్దు పోతది” అంది. నేను గొంతు సవరించుకుని, సారు చదివినట్టే, “వర్తకుడు తన కుమార్తె శిరస్సు నిమిరి, ఓడ ఎక్కి దూరదేశాలకు వెళ్ళాడు” అని చదివాను. అవ్వ చేతిలోని ఆకు అలాగే ఆగిపోయింది.

“ఏందే అది? ఎవరి భాష?”

“తెలుగే అవ్వా.”

“గిది తెలుగైతే మరి మనం మాట్లాడేది ఏందే?”

ఇన్ని కథలు అచ్చయ్యాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పుడు మాత్రం ఆ వాక్యాన్నే మళ్ళీ చూశాను. ఈసారి నోరు వేరే దారి పట్టింది. “షావుకారి తన బిడ్డ నెత్తి నిమిరిండు. ఓడెక్కి పోయిండు” అన్నాను. “ఆఁ, గట్ల సదువు” అని అవ్వ ఆకు అందుకుంది.

అదే మొదలు. మొదట్లో ఎంత కష్టమయ్యేదో చెప్పలేను. ఒక వాక్యం ముందు ఆగి, దాని చివరిదాకా కళ్ళతో ఒకసారి వెళ్ళివచ్చి, లోపల తిప్పుకుని, అప్పుడు నోరు తెరవాలి. కొన్నాళ్ళకు ఆ ఆగడం దానంతట అదే తగ్గిపోయింది. కళ్ళు అచ్చు తెలుగులో నడుస్తుంటే నోరు మా తెలుగులో నడిచేది. పందిట్లో కథకు ఇంకో అలవాటు కూడా పట్టుబడింది. ఆకులు లెక్కపెట్టేటప్పుడు కథ వింటే అవ్వకు లెక్క తప్పేది. అందుకని కట్ట సగంలో ఉండగా కథ మలుపు తిరిగితే చెయ్యెత్తి “జర ఆగు” అనేది. నేను ఆగేదాన్ని. కట్ట ముడి పడ్డాక “ఆఁ, తర్వాత?” అనేది. అర్థం కాకపోయినా “జర ఆగు” అనే అనేది. సముద్రమంటే ఏందని అడిగింది. నేనూ చూడలేదు. లక్నవరం చెరువు లెక్కనే ఉంటది గని అద్దరి కనబడదని చెప్పాను. “అద్దరి కనబడకపోతే ఆ బిడ్డ ఏ దిక్కు సూసుకుంట కూసుంటదే పాపం?” అంది. పుస్తకంలో ఆ సంగతి లేదు. నేను పేజీలు వెనక్కి తిప్పి వెతికాను కూడా.

ఇరుగుపొరుగు తమ ఆకుల మూటలు తెచ్చుకుని మా పందిట్లోనే కూర్చోవడం మొదలుపెట్టారు. షావుకారి బిడ్డ మీద అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. షావుకారిని మాత్రం తిట్టేవాళ్ళు, బిడ్డను ఒక్కదాన్ని వదిలి ఓడెక్కుతాడా అని. కథ అయిపోయిన రోజు ఎవరూ లేవలేదు. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నారు. ఆ రోజుల్లో నేను తిన్న తిండి గుర్తులేదు, ఎండ గుర్తులేదు, కట్టుకున్న బట్ట గుర్తులేదు. ఆకు లెక్క మరిచి ఆగిన అన్ని చేతుల ముందు కథ పట్టుకుని కూర్చున్న గర్వం ఒక్కటే గుర్తుంది. ఆ తర్వాత నేను రాసిన ఏ కథకూ అంత సంతోషపడలేదు.

బడి తెరిచిన రోజు సారు మాట తప్పలేదు. ఏలక్కాయ నోట్లో వేసుకుని, పుస్తకం తీసుకుని, మధ్యలో ఒక పేజీ తెరిచి నా చేతికిచ్చాడు. నాకు భయమేమీ లేదు, ఆ పేజీ నాకు బాగా తెలుసు. గోడకు ఆనుకున్నట్టే నిలబడి, ధాటిగా మొదలుపెట్టాను. “తెల్లారంగనే షావుకారి ఓడెక్కి పోయిండు.”

“ఏమిటీ?”

“పోయిండు సార్.”

“పోయాడా! పాపం, ఎప్పుడు పోయాడు?” అన్నాడు సారు, మెడలోని కండువాతో కళ్ళు ఒత్తుకుంటున్నట్టు నటిస్తూ. “వర్తకుడే పోయాక ఇంకేం కథ మిగిలిందమ్మా? కూర్చో.”

వాళ్ళ కోస్తాలో పోయాడంటే చచ్చిపోయాడని అర్థమని నాకు ఆ నిమిషం దాకా తెలియదు. గది గదంతా నవ్వింది. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఆ నవ్విన వాళ్ళంతా పొద్దున ఇంట్లో ‘బాపు పొలం పోయిండు’ అని చెప్పి వచ్చినవాళ్ళే. నేను మళ్ళీ చదవబోయాను. నోరు మళ్ళీ షావుకారి అనే అంది, వర్తకుడు అనలేదు. సారు నవ్వు ఆపేశాడు. “నువ్వు చదవలేదు. ఎవరో కథ చెబితే విని వచ్చి అప్పజెబుతున్నావు” అన్నాడు. పుస్తకం వెనక్కి తీసుకుని పేజీలు తిప్పి చూశాడు. ప్రతి పేజీ అంచునా తునికాకు పసరు అంటిన నా నల్లటి వేలిముద్రలున్నాయి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. అంతకంటే సాక్ష్యం ఇంకేం కావాలి? ఆయనకు మాత్రం మురికే కనబడింది. “చదవకపోతే పోయావు, పుస్తకాన్ని ఇలా పాడుచేయడమెందుకు?” అన్నాడు. తాళంచెవి ఇంకొకరికి వెళ్ళింది.

ఆ సాయంత్రం నేను అన్నం ముట్టకపోతే బాపు నోట్లోంచి గుండుసూదులు తీశాడు. అది మా ఇంట్లో పెద్ద సంగతి.

“ఏమైందే?”

“బుక్కుల వెళ్ళాడు అని ఉన్నది బాపు. నేను పోయిండు అన్న.”

“పోతే పోయిండు అనక ఇంకేమంటరు?” అన్నాడు. సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

అప్పటి నుంచి నేను నలుగురిలో గొంతెత్తి చదవలేదు. చదవడం మానలేదు, పెదవులు కదలకుండా చదవడం నేర్చుకున్నాను. వెళ్ళాడు అని రాయడం నేర్చుకున్నాను. చూడండి, ఇప్పుడు ఈ మాటలు రాస్తున్నది కూడా ఆ సారు తెలుగులోనే. సభల్లో నా కథ నన్నే చదవమంటే గొంతు బాగాలేదని తప్పించుకుంటాను. ఆ మరుసటి ఎండాకాలం పందిట్లో అవ్వ “బుక్కు తెచ్చినవా?” అని అడిగితే లేదన్నాను. ఆమె ఆకు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయింది. ఆ లెక్క నడుమ ఎవరినీ ఆగమనాల్సిన పని లేకపోయింది.

ఇవన్నీ మోసుకుని, ఉపన్యాసం మాత్రం లేకుండా, బడి ఆఖరి రోజు మహబూబాబాద్ రైలెక్కాను. అక్కడి నుంచి బయ్యారం దారిలో ఆటో. ఇరువైపులా ఎర్రమట్టి, ఏరేసిన మిరప చేలు. బడి వరండాలో రెండు అట్టపెట్టెల నిండా కొత్త కథల పుస్తకాలు, పిల్లల కళ్ళన్నీ వాటి మీదే. మా రోజుల్లో బీరువాకు తాళం, ఇప్పుడు పెట్టెకు టేపు, అంతే తేడా అనుకున్నాను. పుస్తకాలు అందరికీ సరిపోవట. అందుకని హెడ్మాస్టరు ఒక పద్ధతి పెట్టాడు. ఒక పేజీ పైకి చదివినవాళ్ళకు కథల పుస్తకం, చదవలేని వాళ్ళకు అక్షరాలు దిద్దుకునే కాగితాలు. ఆయనా చెడ్డవాడేం కాదు. ఉన్నవి వృథా కాకూడదని ఆయన తాపత్రయం.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చదివి పుస్తకం తీసుకుపోతున్నారు. సరిత అనే పిల్ల వంతు వచ్చింది. ఏడో తరగతి, లంబాడీ తండా నుంచి వస్తుంది. పేజీ మొదట్లోనే ఆగిపోయింది. స్వరూప నా చెవి దగ్గరికి వంగి, “గీ పిల్లతోనే పరేషాన్ పెద్దమ్మా. అక్షరాలు వస్తయ్, ఒక్కో వాక్యం కాడ ఆగిపోతది. సదువుమంటే పేజీ దిక్కు సూసుకుంట నిలబడ్తది” అంది. నేను ఆ పిల్ల కళ్ళనే చూస్తున్నాను. అవి వాక్యం మొదట్లో లేవు. వాక్యం చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్తున్నాయి. పెదవులు చప్పుడు లేకుండా ఏదో అంటున్నాయి. హెడ్మాస్టరు అక్షరాల కాగితాల వైపు చెయ్యి చాపాడు. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

“ఏం బిడ్డా, ఇంట్ల ఎవరికన్న సదివి ఇనిపిస్తవా?”

సరిత తలొంచుకుని, “మా యాడికి” అంది. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ.

“యాడికి తెలుగు రాదా?”

“వస్తది మేడం. బుక్కుల తెలుగు రాదు.”

వెళ్ళి పిల్ల పక్కన నిలబడ్డాను. “మీ యాడికి ఎట్ల సదువుతవో, గిప్పుడు గట్లనే సదువు” అన్నాను. పిల్ల స్వరూప వైపు చూసింది, హెడ్మాస్టరు వైపు చూసింది, చివరికి పుస్తకం వైపు చూసి మొదలుపెట్టింది. వేలు తెలుగు అక్షరాల కింద నడుస్తోంది, నోట్లోంచి లంబాడీ వస్తోంది. ఎక్కడా ఆగలేదు. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. మధ్యలో ఐసు అనే మాట ఒక్కటి పట్టుకున్నాను. సరిగ్గా అక్కడే వెనక వరసల్లోని తండా పిల్లలంతా పకపకా నవ్వారు.

నేను ఉలిక్కిపడ్డాను. ఆ నవ్వు నాకు తెలుసు, ఇన్నేళ్ళుగా నా వెంట తిరుగుతున్నది అదే. తిట్టడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు చూశాను, వాళ్ళలో ఒక్కరూ సరితను చూడడం లేదు. ముందుకు వంగి, ఒకరి భుజాల మీద ఒకరు పడి, బొమ్మ కోసం పుస్తకంలోకి చూస్తున్నారు. ఒక పిల్ల మా మీద జాలిపడి తెలుగులో చెప్పింది. “మేడం, మొగులు మీదికెల్లి ఐసు పడ్డదట! బండి మీద అమ్మే ఐసు! ఎలుగుబంటి నాకిందట!” స్వరూప గబగబా పుస్తకం అందుకుని చూసింది. ‘ఆకాశం నుంచి మంచు కురుస్తోంది. ఎలుగుబంటి నాలుక చాచి మంచును రుచి చూసింది’ అని ఉంది. మనకు మంచు అంటే చలికాలం పొద్దున గడ్డి మీద తడి. సరిత దానికి రుచి కూడా పెట్టి తండా పిల్లలకు అందించింది.

హెడ్మాస్టరు తల గోక్కున్నాడు. “గిది సదువుడు కిందికి వస్తదా టీచర్?” అని స్వరూపను అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. “సార్, మీ ముందల ఇందాకటి నుంచి ఇంతమంది సదివిండ్రు. ఒక్కరి కథకు గూడ ఎవరన్న నవ్విండ్రా?” అని గట్టిగానే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయన నన్నూ, పిల్లల్నీ మార్చి మార్చి చూశాడు. “సరే, ఇయ్యుండ్రి బుక్కు” అన్నాడు. “గని జూన్ల బడి తెరిచినంక తెలుగుల సదివి చూపెట్టాలె మేడం. పరీక్ష లంబాడీల పెట్టరు గద. మళ్ల గిట్లనే ఆగితే ఏడాదంత అక్షరాల కాగితాలే.” అందులో అన్యాయం ఉన్నదని చెప్పలేను. లేదనీ చెప్పలేను.

సరిత పుస్తకం గుండెకు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. “జూన్ల ఆగకుంట సదవాల్నా మేడం?”

ఏం చెప్పాలి? ఆ వయసులో నాకు ఎవరూ చెప్పనిది వెతికి వెతికి ఇంత చెప్పగలిగాను. “ఎండకాలమంత యాడికి సదువు బిడ్డా. ఒకసారి మీ మాటల సదువు. అదే పేజీ మళ్ల బుక్కుల ఉన్నది ఉన్నట్టు సదువు. యాడి చెవుల రెండూ పడనీ, నీ నోట్ల రెండూ ఉండనీ. ఒకటి వచ్చిందని ఇంకోటి ఇడిసిపెట్టకు. బడి తెరిచిన రోజు యాడిని గూడ తోలుకరా.” తల ఊపింది. నా నాలుగు ముచ్చట్లు అవే. మిగతా పిల్లలకు నేనేమీ చెప్పలేదు. అప్పటికే వాళ్ళు పుస్తకాలు విప్పి మంచు ఎక్కడ పడిందా అని వెతుక్కుంటున్నారు.

అప్పటి నుంచీ ఇదే వరస. మే నెల ఎండలో ఇంట్లో కూర్చుని తండాలో ఏం జరుగుతోందోనని ఆరాటం. మొన్న ఉండబట్టలేక భూపాలపల్లి బస్సెక్కాను. అవ్వ ఇల్లున్న చోట ఇప్పుడు సిమెంటు అంగడి, ముందు రోడ్డు మీద ఆగకుండా బొగ్గు లారీలు. తునికాకు ఇంకా కోస్తున్నారట, లోపలి ఊళ్ళలో. ఒక ఇంటి ముందు ఇద్దరు ఆడవాళ్ళు కట్టలు కడుతూ కనిపించారు, పక్కన గోడకు ఆనించిన ఫోనులో ఎవరో గలగలా మాట్లాడుతున్నారు. అప్పుడు చేతులకు పని ఉండేది, చెవులు ఖాళీగా ఉండేవి. ఇప్పుడు చెవులకు తీరిక లేదు. ఫోను ఎవరినీ ఆగనివ్వదు, వాళ్ళూ దాన్ని ఆగమనరు. పిల్లలు చదవడం లేదని అందరం గోల పెడతాం, చదివితే వినే పెద్దవాళ్ళు ఎక్కడున్నారో మాత్రం అడగం. తిరిగి వచ్చే బస్సులో ఈ మాట పక్కనున్నావిడతో అంటే ఆమె ఫోను చూసుకుంటూ ఊఁ అంది. మా బాపు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

నిన్న సాయంత్రం మొదటి వాన పడింది. బడి తెరవడానికి ఇంకా కొన్ని రోజులే. పాలు పొయ్యి మీద పెట్టి వాకిట్లో నిలబడి ఉంటే స్వరూప ఫోను చేసింది.

“పెద్దమ్మా, తండాకు పోయొచ్చిన. సరిత రెండు తీర్ల సదువుతున్నదట. తెలుగుల ఇంక కొంచెం ఆగుతున్నది, గని మునుపటంత లేదు. వాళ్ళ యాడి బడికి వస్తనన్నది. గని ఒక్క మాట నిన్ను అడుగుమన్నది.”

“ఏం మాట?”

“బిడ్డ సదువుతాంటే నడుమల తనకు తెల్వకుంటే ‘జర ఆగు’ అని అడుగొచ్చునా, సారోళ్ళు ఏమన్న అంటరా అని.”

లోపల పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన వాసన వస్తోంది. “అడుగొచ్చని చెప్పు, స్వరూపా. ఎన్నిసార్లయినా అడుగుమను. ఆమె పక్కన నేను కూసుంట” అన్నాను. పొద్దున్నే వెళ్ళి మహబూబాబాద్‌కు టికెట్టు తీసుకున్నాను. సారు ముందు నేను చదివిన రోజు ఆ తరగతి గదిలో, పందిట్లో నన్ను విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అవ్వ ఆ గదిలో ఉండి ఉంటే, నన్ను కూర్చోమన్న సారు వైపు ఆ నల్లబడ్డ చెయ్యి ఎత్తేది. “జర ఆగు సారూ, పిల్ల సదువుతున్నది” అనేది.